మానిటర్ స్టాండు మెడ ఊడి రావడం లేదు, ఆర్మ్ బిగించేదెలా?

ప్రశ్న:
27 అంగుళాల మానిటర్‌ కోసం బల్ల అంచుకు బిగించే ఆర్మ్ తెప్పించుకున్నాను. పాత స్టాండు పాదం తేలిగ్గానే వచ్చేసింది. మెడ మాత్రం పట్టిన పట్టు వదలడం లేదు. స్క్రూ కనిపించదు, నొక్కే మీట లేదు. మెడ మొదట్లో వేలెడు పొడవున ఒక ప్లాస్టిక్ మూత ఉంది, గోరు దూర్చితే కాస్త కదులుతోంది. గట్టిగా లాగేయవచ్చా? పైగా వెనుక నాలుగు రంధ్రాలూ లోతైన గుంటలో ఉన్నాయి. ఆర్మ్ ప్లేటు వాటిదాకా చేరేలా లేదు.

జవాబు 1:
మీట లేదంటే స్క్రూలు ఆ మూత కిందే ఉండాలి. తీసేసి చూడండి.

జవాబు 2:
తీయమనడం సులువే, ఎలా తీయాలో కూడా చెప్పాలి కదా! స్క్రూడ్రైవర్ మొనతో పెకలిస్తే మూత వస్తుంది, దాంతోపాటు దాని కొక్కేలూ విరిగి వస్తాయి. పాత ప్లాస్టిక్ కార్డు అంచును సందులో దూర్చి, ఒక మూల నుంచి మెల్లగా జరుపుతూ పోండి. టక్కుమని ఒక్కో కొక్కెం వదులుతుంది.

అంతకంటే ముందు తీగలన్నీ పీకేసి, దుప్పటి మడత మీద మానిటర్‌ను బోర్లా పడుకోబెట్టండి. దుప్పటి పరిచే ముందు బల్లను అరచేత్తో ఒకసారి తడిమి చూడండి. తెర కింద ఒక్క స్క్రూ ఉండిపోయినా పని అయిపోయినట్టే. మెడ లాగేటప్పుడు మానిటర్ వీపు మీద చెయ్యి ఆనించి బలం పెట్టకండి, ఆ ఒత్తిడంతా తెర మీదే పడుతుంది. చివరి స్క్రూ తీసేటప్పుడు మెడను ఎవరైనా పట్టుకుంటే మంచిది.

ఇక గుంట సంగతి. రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకు కొలవండి. 75 లేదా 100 మిల్లీమీటర్లు వస్తే అది వెసా కొలతే, అంటే మానిటర్ వెనుక రంధ్రాల దూరానికి చాలా కంపెనీలు పాటించే ప్రమాణం. సాధారణంగా ఎం4 (4 మిల్లీమీటర్ల మందం) స్క్రూలు పడతాయి. గుంటను దాటడానికి స్పేసర్లనే చిన్న గొట్టాలు దొరుకుతాయి. వాటికి తగ్గట్టు పొడవాటి స్క్రూలు కావాలి. ఇక్కడే చాలామంది ఉజ్జాయింపు లెక్కలు వేస్తారు. రంధ్రంలోకి అగ్గిపుల్ల ఆగేవరకు మెల్లగా దించి, అంచు దగ్గర గీత పెట్టి కొలవండి. ఆ లోతుకు ప్లేటు మందం, స్పేసర్ పొడవు కలపండి. స్క్రూ అంతకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువే ఉండాలి. ముందు వేళ్లతోనే తిప్పండి. ప్లేటు ఇంకా వదులుగా ఉండగానే స్క్రూ ఆగిపోయిందంటే అది పొడవెక్కువైనట్టే. బలవంతం చేస్తే మొన లోపలి భాగాలకు తగులుతుంది.

జవాబు 3:
స్పేసర్లు ఎందుకండీ, పొడవాటి స్క్రూలు వేసి బిగిస్తే సరిపోదా?

జవాబు 2 ఇచ్చినవారే:
సరిపోదు. ప్లేటు గుంట అంచుల మీద ఆనుతుంది, మధ్యలో ఖాళీ. బిగించే కొద్దీ ప్లాస్టిక్ వీపు వంగుతుంది. స్పేసర్ ఉంటే ఆ బలం రంధ్రం చుట్టూ ఉన్న గట్టి భాగం మీద పడుతుంది.

జవాబు 4:
బరువు చూసుకున్నారా? స్టాండు లేకుండా మానిటర్ ఎంత బరువుందో వివరాల పట్టికలో వేరే ఇస్తారు, ఆర్మ్ మోయగలిగే బరువును దానితో పోల్చండి. బల్లపై పలక గాజుదైతే క్లాంపు బిగించకండి. చెక్కపొట్టుతో చేసిన పలకైతే పైనా కిందా ఇనుప ప్లేటు వేయండి, లేకపోతే క్లాంపు నొక్కుకుపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
మూత కింద మూడు స్క్రూలు దొరికాయి, మెడ వచ్చేసింది. కొలత 100. స్పేసర్లతో బిగించాను, కదలడం లేదు. కానీ చెయ్యి తీయగానే మానిటర్ తల వాల్చేస్తోంది. ఎత్తు మాత్రం పెట్టిన చోటే ఉంటోంది.

జవాబు 2 ఇచ్చినవారే:
ఎత్తు నిలుస్తోందంటే ఆర్మ్‌లో బరువు మోసే స్ప్రింగు బాగానే ఉంది, దాని జోలికి వెళ్లకండి. ప్లేటు వెనుక, తల పైకీ కిందికీ వంగే కీలు దగ్గర ఇంకో స్క్రూ ఉంటుంది. ఒక చేత్తో మానిటర్ పట్టుకుని అలెన్ కీతో (L ఆకారంలో వంగిన ఆరు పలకల కడ్డీ) పావు చుట్టు చొప్పున బిగించండి. ఎప్పుడైనా మానిటర్ విప్పాల్సి వస్తే ఆర్మ్‌ను ముందు పూర్తిగా పైకి లేపి, అప్పుడే విప్పండి. కిందికి ఉండగా బరువు తీసేస్తే అది ఎగిరి మొహానికి తగులుతుంది. పాత స్టాండు, దాని స్క్రూలు ఒక సంచిలో కట్టి దాచండి, అమ్మేటప్పుడు అడుగుతారు.