కరతలామలకం: అరచేతిలో ఉసిరికాయ, గుడి నెత్తిన ఉసిరికాయ

మొన్న ఇక్కడ ఒక చెల్లెమ్మ అడిగింది, ‘ఈ పరీక్ష నాకు కరతలామలకం’ అనొచ్చా అని. అనకూడదమ్మా. అది ‘సులువు’ అని చెప్పే మాట కాదు. కరతలం అంటే అరచెయ్యి, ఆమలకం అంటే ఉసిరికాయ. అరచేతిలో పెట్టుకున్న ఉసిరికాయ ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, అంత క్షుణ్ణంగా తెలిసిన విషయం అన్నమాట. ‘భారతం ఆయనకు కరతలామలకం’ అంటాం. శంకరాచార్యుల శిష్యుడు హస్తామలకుడి పేరులో ఉన్నదీ ఈ ఉసిరికాయే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వైపు ఆమలకం గుడి నెత్తిన కూడా ఉంటుంది. అది చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చూసినవాళ్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధుకేశ్వరస్వామి గుడి శిఖరం పైన, కలశానికి కింద, చుట్టూ గాట్లు పెట్టి అదిమినట్టుండే గుండ్రటి రాయి ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని గుమ్మడికాయ అనుకునేవాణ్ణి. అదే ఆమలకం. ఒడియాలో ‘అఁళా’. తినే ఉసిరికాయకూ వాళ్లకు అదే మాట.

ఒడియా శిల్పుల మాటల్లో గుడి అంటే నిలబడ్డ మనిషి. అడుగున పాభాగ, అంటే పాదం. దాని మీద జంఘ, మన పిక్క. పైకి ఎగసే భాగం గండి. మనకు గండి అనగానే చెరువు కట్ట తెగినట్టు గుండె గుభేలుమంటుంది గానీ, ఒడియాలో అది మొండెం. ఆపైన బెకి. మెడను ఒడియాలో ‘బెక’ అంటారు, అందులోంచి వచ్చిందే. మెడ మీద అఁళా, దాని మీద ఖపురి, అంటే పుర్రె, ఆ పైన కలశం. మెడకూ పుర్రెకూ మధ్య ఉసిరికాయ! దక్షిణాది విమానానికి, అంటే శిఖరంతో సహా గర్భగుడి కట్టడానికి, చెప్పే ఆరు అంగాల్లోనూ పాదం ఉంది, గ్రీవం ఉంది. గ్రీవం అన్నా మెడే. ‘దేహో దేవాలయః ప్రోక్తః’ అని మనం శ్లోకం చదువుకుంటాం. శిల్పులు ఆ మాటను రాతిలో కట్టి చూపించారని నాకనిపిస్తుంది.

‘తెలుగు నేల మీద ఆమలకం ముఖలింగంలోనేనా?’ అని ఒక అన్నయ్య అడిగారు. కాదండీ. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చూడండి. బాదామి చాళుక్యుల కాలం, 7-8 శతాబ్దాల నాటివి. అక్కడి శిఖరాల మీదా ఇదే ఉసిరికాయ.

దానికి పని కూడా ఉంది. ఈ శిఖరాల్లో రాళ్లను వరసవరసకూ కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోతారు. పైన కూర్చున్న ఆమలకం తన బరువుతో వాటిని అదిమిపట్టి ఉంచుతుంది. దాన్ని సూర్యబింబం అనేవాళ్లున్నారు, తామర అనేవాళ్లున్నారు. నేను పేరునే పట్టుకుంటాను, ఎందుకంటే జనం నోట నిలిచింది కాయ పేరే.

కార్తీకంలో మా అమ్మ పెద్ద ఉసిరికాయ తీసుకుని, పైన కొంచెం చెక్కి, ఆ గుంటలో నేతిలో తడిపిన వత్తి పెట్టి తులసికోట దగ్గర వెలిగిస్తుంది. కాయ చుట్టూ లేత గీతలు, పైన చిన్న మంట. ఆ దీపం చూసినప్పుడల్లా నాకు ముఖలింగం శిఖరమే గుర్తొస్తుంది.

బరంపురం, రాయగడ వైపు వాళ్లు చెప్పండి, గుడి మీది ఈ రాయిని మీ ఇళ్లలో తెలుగులో ఏమంటారు?