మెరోపెనెంకి ముందస్తు సంతకం ఉండాలా? ఐసీయూ రక్తపు ఇన్‌ఫెక్షన్లపై చర్చ

బెంచ్_మైక్రో:
సూటిగా అడుగుతున్నాను. విశాఖలో ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఒక నిబంధన రావాలంటాను. మెరోపెనెం, ఇమిపెనెం (ఈ రెండూ కార్బపెనెం రకం), కొలిస్టిన్ లాంటి ఆఖరి అస్త్రం యాంటీబయాటిక్‌ల వయల్ ఫార్మసీ నుంచి కదలాలంటే మైక్రోబయాలజిస్టో, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ డాక్టరో సంతకం పెట్టాల్సిందే. ఇప్పుడు జరుగుతున్నదేంటి? జ్వరం వచ్చింది, తెల్లకణాలు పెరిగాయి అనగానే మెరోపెనెం 1 గ్రాము, 8 గంటలకోసారి, పది రోజులు. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ రిపోర్టు కేస్ షీటులో ఎక్కడో వెనక ఉంటుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కల్లో 2021 నాటికే అసినెటోబాక్టర్ అనే ఐసీయూ బాక్టీరియాలో 87.5 శాతం కార్బపెనెంలకి లొంగలేదు. క్లెబ్సియెల్లా అనే ఇంకో బాక్టీరియాలో సగానికి పైనే. ఇంకా ఎంతవరకు వదిలేద్దాం?

ఐసీయూ_నైట్:
పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను సార్. రాత్రి రెండింటికి బీపీ 70/40, బీపీ నిలపడానికి నార్‌అడ్రినలిన్ ఎక్కుతోంది, మూత్రం లేదు. అప్పుడు సంతకం ఎవరు పెడతారు? 2021 సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) మార్గదర్శకాలు, ఇలా బీపీ పడిపోయే షాక్ ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలంటున్నాయి. ఇంకో సంగతి, 2018లో వచ్చిన మెరినో ట్రయల్. సెఫ్‌ట్రియాక్సోన్‌కి లొంగని ఈ.కొలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నవాళ్లలో 30 రోజుల్లో చనిపోయినవాళ్లు పిపరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చినప్పుడు 12.3 శాతం, మెరోపెనెం ఇచ్చినప్పుడు 3.7 శాతం. ముందు తక్కువ మందుతో చూద్దాం అనే మాటకి ఆ తేడా గుర్తుపెట్టుకోండి.
మీరు చెప్పిన ఐసీఎంఆర్ లెక్కలు కూడా ఎక్కువగా పెద్ద బోధనాసుపత్రులవే. యాభై పడకల ఆసుపత్రికి అదే అంకె అంటించలేం.

బెంచ్_మైక్రో:
అంకెల మాట ఒప్పుకుంటాను. కానీ మెరినోని మీరు తలకిందులుగా చదువుతున్నారు డాక్టర్ గారూ. అందులో చేరినవాళ్లందరికీ రక్తంలో ఏ క్రిమి ఉందో, అది దేనికి లొంగట్లేదో కల్చర్‌లో తేలింది. అంటే అది కల్చర్ తియ్యమని చెప్పే ట్రయలే గానీ, జ్వరం వచ్చిన ప్రతివాళ్లకీ మెరోపెనెం ఎక్కించమని కాదు. మీరు చెప్పిన మార్గదర్శకాలే షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే 3 గంటల వరకు చూసుకోవచ్చంటున్నాయి. ఐసీయూలో మెరోపెనెం మొదలయ్యే కేసుల్లో ఎన్నింటికి షాక్ ఉంటోంది?

సిస్టర్_ఐసీఎన్:
సంతకం సంగతి తర్వాత సార్, ముందు బాటిల్ సంగతి చూద్దాం. కల్చరే సరిగా తియ్యకపోతే మీ ఇద్దరి వాదనకీ ఆధారం ఉండదు.
పెద్దవాళ్లకి రెండు సెట్లు. సెట్ అంటే ఏరోబిక్ (గాలి ఉన్న) బాటిల్ ఒకటి, అనెరోబిక్ (గాలి లేని) బాటిల్ ఒకటి, ఒక్కోదానిలో 8 నుంచి 10 మి.లీ. రెండు సెట్లూ వేర్వేరు చోట్ల గుచ్చి తియ్యాలి, అదీ మొదటి డోసుకి ముందే. వార్డుల్లో కనిపించేది 5 మి.లీ. సిరంజి. తీసిన ఐదూ రెండు బాటిళ్లకి పంచేస్తారు. పెద్దవాళ్ల రక్తంలో చాలాసార్లు మి.లీ.కి ఒక్క బాక్టీరియా కూడా ఉండదు. రెండున్నర మి.లీ.లో ఏం దొరుకుతుంది? రిపోర్టు 'నో గ్రోత్' వస్తుంది, జ్వరం తగ్గదు, మందు పెంచుతారు.
ప్లాస్టిక్ మూత తీస్తే కింద రబ్బరు స్టెరైల్ అనుకుంటారు. కాదు. 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో తుడిచి ఆరనివ్వాలి. రబ్బరు మీద అయొడిన్ వద్దు. చర్మానికి 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న ఆల్కహాల్‌తో 30 సెకన్లు రుద్ది, 30 సెకన్లు ఆరనివ్వాలి. ఆరాక నరం ఎక్కడుందా అని మళ్లీ వేలితో నొక్కితే చేసిందంతా వృథా. బటర్‌ఫ్లైతో తీస్తే ట్యూబులో గాలి ఉంటుంది కాబట్టి ముందు ఏరోబిక్ నింపాలి, సిరంజితో అయితే ముందు అనెరోబిక్. బాటిల్‌లో వ్యాక్యూమ్ ఉంటుంది, వదిలేస్తే అదే లాగేసుకుంటుంది. అందుకే గుచ్చకముందే లేబుల్ మీద పెన్నుతో గీత పెట్టుకోవాలి.
తీశాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి రెండు గంటల్లోపు ల్యాబ్‌కి పంపాలి. వార్డు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన పొద్దున్నదాకా నిలబడిన బాటిళ్లు ఎన్ని ఆసుపత్రుల్లో దొరకవు చెప్పండి!

ఫార్మసీ_కౌంటర్:
సిస్టర్ గారు చెప్పినట్టు చెయ్యాలంటే ఒక్క పేషెంటుకి నాలుగు బాటిళ్లు. బయట తెచ్చుకోమని చీటీ రాస్తే అటెండర్లు ఒకటే తెస్తారు. చికిత్స మొత్తానికి ఒకే రేటు కట్టే ప్యాకేజీ కేసైతే బాటిల్ ఖర్చు ఆసుపత్రి మీదే పడుతుంది, అందుకని స్టోర్‌కి పెట్టే ఇండెంట్‌లోనే కోత. నాలుగు బాటిళ్ల దగ్గర బేరమాడి, పది రోజుల మెరోపెనెం దగ్గర ఆడకపోవడం ఏం లెక్కో.
సంతకంలాంటి తాళం సంగతికొస్తే, చట్టంలో ఒకటి ఇప్పటికే ఉంది. 2013లో నోటిఫై చేసిన షెడ్యూల్ హెచ్1లో మెరోపెనెం ఉంది. మందుల షాపువాళ్లు డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎంత ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. రాయడం రాస్తున్నారు, చదివేవాళ్లెవరు? కాబట్టి ఇంకో సంతకం కలిస్తే ఏదో మారుతుందని నాకు నమ్మకం లేదు.
కలిపే పద్ధతి కూడా చూడండి. మెరోపెనెం మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించమని రాస్తారు, మంచిదే. కానీ పొద్దున్నే మూడు డోసులూ కలిపేసి ట్రేలో పెడితే, విశాఖ మే నెల ఉక్కలో రాత్రి డోసు వేళకి దాని బలం తగ్గిపోతుంది. ఏ డోసు ఆ డోసుకే కలపాలి.

కొండ_ఫిజీషియన్:
పాడేరు, అరకు వైపు నుంచి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి రిఫర్ అయ్యే జ్వరాలు వేరు. వాటి గురించి ఎవరూ ఎత్తలేదు. చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్, ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా రెండూ సెప్సిస్‌లాగే వస్తాయి: ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కామెర్లు, ఆయాసం. మెరోపెనెం ఆ రెండిట్లో దేన్నీ తాకదు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద స్క్రబ్‌కి గుర్తైన నల్లటి పొక్కు ఉందేమో బట్ట తీసి చూడాలి. స్క్రబ్‌కి డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. 12 గంటలకోసారి. తీవ్రమైన స్క్రబ్‌కి మన దేశంలోనే చేసి 2023లో ప్రచురించిన ట్రయల్‌లో డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఐవీలో ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికన్నా మెరుగని తేలింది.
దీనికి ఎదురు కోణం మెలియాయిడోసిస్, మట్టిలో, నీళ్లలో ఉండే బాక్టీరియాతో వచ్చే జబ్బు. షుగరు పేషెంటు, లివర్లోనో ప్లీహంలోనో చీముగడ్డలు, కల్చర్‌లో పొరపాటున 'సూడోమోనాస్' అని రిపోర్టు. జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగదు గానీ కో-అమాక్సిక్లావ్‌కి లొంగుతుంది అని కనిపిస్తే వెంటనే ల్యాబ్‌కి ఫోన్ కొట్టండి. అక్కడ సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెం గానీ కనీసం 10 నుంచి 14 రోజులు, ఆపైన కో-ట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు. ఏడో రోజున మందు దానంతటదే ఆగిపోయే కంప్యూటర్ తాళం పెడితే ఈ పేషెంటు పోతాడు.

ఐసీయూ_నైట్:
సరే, కొంచెం దిగుతాను. మొదటి డోసుకి సంతకం అక్కర్లేదు, 48 గంటల తర్వాత కొనసాగించాలంటే కావాలి. దీనికి నాకు అభ్యంతరం లేదు. కోర్సు పొడుగు కూడా తగ్గించొచ్చు. 2024లో వచ్చిన బ్యాలెన్స్ ట్రయల్‌లో రక్తపు ఇన్‌ఫెక్షన్లకి ఏడు రోజులు, పద్నాలుగు రోజులు పోల్చారు. 90 రోజుల మరణాలు వరుసగా 14.5, 16.1 శాతం. ఏడు రోజులే చాలు. స్టెఫైలోకాకస్ ఆరియస్‌ని అందులో చేర్చలేదు కాబట్టి దానికిది పట్టదు. దానికి కనీసం రెండు వారాలు, ఎకో (గుండె స్కాన్), మళ్లీ కల్చర్ తప్పవు.
కానీ ల్యాబ్ మాటేంటి? శనివారం సాయంత్రం బాటిల్‌లో క్రిమి పెరిగిందని కల్చర్ మెషీన్ బీప్ కొడితే, రంగు వేసి మైక్రోస్కోపులో చూసే గ్రామ్ స్టెయిన్ సోమవారం చూస్తే ఎలా? 48 గంటలయ్యేసరికి నా చేతిలో ఏ కాగితం పెట్టుకుని మందు తగ్గించాలి?

బెంచ్_మైక్రో:
న్యాయమైన ప్రశ్న. గ్రామ్ స్టెయిన్‌కి గంట చాలు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుకి ఫోన్లో చెప్పి, ఎవరికి చెప్పామో ఎన్నింటికో రాసుకోవాలి. గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి బాక్టీరియా) గుత్తులు నాలుగు బాటిళ్లలో ఒక్కదాంట్లోనే ఉంటే చాలాసార్లు చర్మం మీది క్రిమే, వాంకోమైసిన్‌కి పరిగెత్తొద్దు. అయితే ఆరియస్ అని తేలితే మాత్రం ఒక్క బాటిల్ అయినా నిజమనే అనుకోవాలి. ఈ.కొలై సెఫ్‌ట్రియాక్సోన్‌కి లొంగితే ఆ రోజే మెరోపెనెం మానేసి సెఫ్‌ట్రియాక్సోన్ రోజుకి 2 గ్రాములకి దిగిపోవాలి.
కొలిస్టిన్ రిపోర్టు డిస్క్ (మందు పూసిన కాగితపు బిళ్ల) పెట్టి ఇచ్చేవాళ్లని నమ్మకండి. డిస్క్‌లో ఆ మందు సరిగా వ్యాపించదు, ద్రవంలో మందు పలచన చేస్తూ చూసే బ్రాత్ మైక్రోడైల్యూషనే చెయ్యాలి. మన దగ్గర ఎక్కువగా కనపడే, మెరోపెనెంని విరగ్గొట్టే ఎన్‌డీఎం ఎంజైమ్ ఉన్న రకానికి సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ ఒక్కటే ఇస్తే డబ్బు దండగ, అజ్‌ట్రియోనామ్ జత చెయ్యాలి.

సిస్టర్_ఐసీఎన్:
మందుల దగ్గరే తిరుగుతున్నారు. అసలు క్రిమి రక్తంలోకి ఎలా వచ్చిందో చూడండి. అర లీటరు సెలైన్ బాటిల్‌కి సూది గుచ్చి అలాగే వదిలేసి, అందులోంచే వార్డంతటికీ ఇంజెక్షన్లు కలుపుతారు. బర్ఖోల్డేరియా సెపేసియా, క్లెబ్సియెల్లా ఒకే షిఫ్టులో నలుగురికి వచ్చాయంటే ముందు వెతకాల్సింది ఆ బాటిలే. 10 మి.లీ. ఆంపుల్స్ ఇండెంట్ పెట్టండి, పెద్ద బాటిల్ ట్రాలీ మీద కనపడకూడదు. లైన్ (పెద్ద సిరలో ఉంచిన ట్యూబు) హబ్‌ని, అంటే మందు ఎక్కించే మూతిని, ప్రతిసారీ 15 సెకన్లు ఆల్కహాల్‌తో రుద్దాలి. పారదర్శక డ్రెసింగ్ ఏడు రోజులకి, తడిసినా ఊడినా వెంటనే మార్చాలి. లైన్ మీద అనుమానం ఉంటే లైన్ నుంచి, చేతి నుంచి ఒకేసారి సమానంగా రక్తం తీసి పంపండి. చేతి బాటిల్ కన్నా లైన్ బాటిల్ 120 నిమిషాలో, ఇంకా ఎక్కువో ముందు బీప్ కొడితే తప్పు లైన్‌దే, దాన్ని తీసెయ్యాలి.

ఐసీయూ_నైట్:
లైన్ సంగతి ఒప్పుకుంటున్నాను సిస్టర్. బెంచ్ సార్, ఆదివారం గ్రామ్ స్టెయిన్‌కి డ్యూటీ చార్టులో మనిషిని వేస్తే, 48 గంటల సంతకానికి నా ఓటు మీదే. వెయ్యకపోతే లేదు.

బెంచ్_మైక్రో:
ఒక టెక్నీషియన్, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ మాత్రం అడగొచ్చు. సూపరింటెండెంట్‌కి పెట్టే కాగితం మీద మీ సంతకం కూడా కావాలి మరి.