వరిగడ్డిపై పుట్టగొడుగుల బూజు పెంచి ఆవులకు మేపవచ్చా?

ప్రశ్న – పాడి రైతు, పలమనేరు
ఈ ఏడాది వేరుశనగ కట్టె తక్కువగా రావడంతో మా సంకర జాతి ఆవులకు వరిగడ్డే దిక్కయింది. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనాన్ని గడ్డిలో కలిపి, తెల్లటి బూజు అల్లుకున్నాక మేపితే మాంసకృత్తులు పెరుగుతాయని, దాణా తగ్గించవచ్చని తెలిసినవారొకరు చెప్పారు. బూజు గడ్డి వేయకూడదని పెద్దలు చెప్పగా విన్నవాళ్లం కనుక ధైర్యం చాలడం లేదు. ఇది నిజమేనా?

సమాధానం – పశుపోషణ విద్యార్థి, తిరుపతి
గడ్డి మెరుగవుతుందన్నది నిజమే గాని, దాణా తగ్గించవచ్చన్న మాటను నేను ఒప్పుకోను. వరిగడ్డిలో మాంసకృత్తులు సుమారు 4 శాతమే. అంతకంటే పెద్ద చిక్కు, పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్. గాలి ఆడని పశువు పొట్టలో అది విడిపోదు. ముత్యపు చిప్ప వంటి శిలీంధ్రాలు గాలి తగిలే చోట తమ ఎంజైములతో దానిని విడగొట్టి, పీచు అరిగేలా చేస్తాయి. అయితే అవి బతికేది కూడా ఆ గడ్డిని తినే కనుక ఎండు బరువు తరుగుతుంది. మాంసకృత్తుల తయారీకి కావలసిన నత్రజనిని శిలీంధ్రం గాలి నుంచి తీసుకోలేదు. మాంసకృత్తుల శాతం పెరిగినట్టు కనబడటానికి చాలావరకు ఈ తరుగుదలే కారణం. 1980లలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో యూరియా కలిపిన గడ్డిపై కోప్రినస్ అనే శిలీంధ్రాన్ని పెంచి చూసినప్పుడూ ఈ తరుగుదలే అడ్డంకిగా నిలిచింది.

సమాధానం – పుట్టగొడుగుల పెంపకందారు, చంద్రగిరి
పై వివరణకు మా అనుభవం జోడిస్తాను. మాలో చాలామంది గడ్డిని కార్బెండజిమ్ (బూజును చంపే మందు), ఫార్మలిన్ (క్రిములను చంపే ద్రావణం) కలిపిన నీటిలో నానబెట్టి శుద్ధి చేస్తారు; పంట తీశాక మిగిలిన ఆ గడ్డి ఎంత చవకగా వచ్చినా పశువుకు వేయకండి. మేత కోసమైతే వేడినీటితోనే శుద్ధి చేయాలి, బూజు అంతటా అల్లుకోగానే, పుట్టగొడుగులు మొలవకముందే వాడాలి. రెండు మూడు కోతలయ్యాక అందులో పశువుకు పనికొచ్చే భాగం తగ్గి, బూడిద శాతం పెరుగుతుంది. పచ్చ, నల్ల, గులాబీ మచ్చలు కనబడితే గడ్డి నింపిన ఆ సంచి మొత్తం పారవేయాలి. మీ పెద్దల మాట ఇక్కడ పూర్తిగా సరైనది: దానంతటదే బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక, చెవులు, గిట్టల దగ్గర కుళ్లు పట్టే డెగ్నాలా వ్యాధి వస్తుంది. మన ఎండాకాలపు వేడికి ముత్యపు చిప్ప నిలవదు, కాబట్టి చలికాలంలోనే ప్రయత్నించండి.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. వేడినీరు, సంచులు, విత్తనం అంటే ఇంటి మనుషులతో అయ్యే పనిలా లేదు. ఇంతకంటే తేలికైన మార్గం ఉందా?

సమాధానం – పశుపోషణ విద్యార్థి, తిరుపతి
ఉంది. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గట్టిగా తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచండి. దీనితో నత్రజని నిజంగానే పెరుగుతుంది. తీసిన గడ్డిని ఘాటు పోయేవరకు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా మామూలు గడ్డితో కలిపి అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వేయవద్దు, యూరియా నీళ్ల బకెట్టు పశువులకు అందేచోట అసలే ఉంచవద్దు. చెక్క, తవుడు మాత్రం పాల దిగుబడిని బట్టి పెడుతూనే ఉండండి.