"వ్యర్థమైన మాటలు" అంటే రాసిపెట్టిన ప్రార్థనలా? (మత్తయి 6:7)

ప్రశ్న: "మీరు ప్రార్థన చేయునప్పుడు అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దు, విస్తరించి మాటలాడుటవలన తమ మనవి వినబడునని వారు తలంచుచున్నారు." ఆరాధన క్రమం పుస్తకం చూసి చదివే ప్రార్థనలన్నీ ఇందులోకే వస్తాయని కొందరంటారు. వాక్యం నిజంగా ఆ మాటే అంటోందా?

జవాబు: లేదండి. ఇక్కడ బరువంతా "వలన" మీద ఉంది. పంచమీ విభక్తి, హేతువు చెబుతోంది. ఎక్కువ మాట్లాడినందువల్లే దేవుడు వింటాడన్న నమ్మకాన్ని ప్రభువైన యేసు తప్పుపడుతున్నాడు. ఆ నమ్మకంతో చేస్తే, అప్పటికప్పుడు అల్లుకుంటూ గంటసేపు చేసే ప్రార్థన కూడా ఆ తప్పులోనే పడుతుంది. గ్రీకులో ఉన్న క్రియ బత్తలొగెయో. కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. అర్థంపర్థం లేకుండా వాగడమని దాని భావం.

వెంటనే 9వ వచనం చూడండి: "కాబట్టి మీరీలాగు ప్రార్థనచేయుడి". వ్యర్థమైన మాటలు వద్దన్న నోటితోనే "పరలోకమందున్న మా తండ్రీ" అనే ప్రార్థన నేర్పాడు. "ఈలాగు" అంటే మాదిరి మాత్రమే కదా అంటారా? లూకా 11లో "అని పలుకుడని వారితో చెప్పెను" అనే ఉంది. తొలినాటి సంఘం రచన డిడాకే కూడా దీన్ని రోజుకు మూడుసార్లు ప్రార్థించమంటుంది.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు "ఆ మాటలే చెప్పుచు మూడవమారు" ప్రార్థించాడు. సిలువ మీద "నా దేవా, నా దేవా" అన్నది 22వ కీర్తన మొదటి మాట. అంత వేదనలో ఆయన నోట వచ్చింది తరతరాలుగా పాడుకుంటున్న కీర్తనే!

సమాధి దగ్గర నిలబడ్డ కుటుంబాన్ని తలుచుకోండి. సొంతంగా ఒక్క మాట కూడా కూడదీసుకోలేని స్థితి. "పునరుత్థానమును జీవమును నేనే" అని పాస్టర్ చదువుతుంటే తల ఎత్తుతారు. "పరలోకమందున్న మా తండ్రీ" అని అందరూ మొదలుపెట్టగానే ఏడుస్తూనే పెదవులు కలుపుతారు. వాటిని వ్యర్థమైన మాటలని ఎవరు అనగలరు?

మరొకరు: మరి "ఈ ప్రజలు తమ పెదవులతో నన్ను ఘనపరచుదురు గాని వారి హృదయము నాకు దూరముగా ఉన్నది" (మత్తయి 15:8) అన్న వాక్యం సంగతి?

జవాబు: గట్టి హెచ్చరికే, తేలిగ్గా తీసుకోకూడదు. కానీ అక్కడ దోషం హృదయం దూరం కావడంలో ఉంది. మళ్లీ మళ్లీ పలకడమే దోషమైతే 136వ కీర్తనను ఏం చేస్తాం? 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" వస్తుంది.

ఇంకొకటి. ప్రభువు నేర్పిన ఆ ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే దగ్గర కాస్త ఆగి చూడండి. సొంత మాటలతో ప్రార్థిస్తే చాలామంది దాటేసే మాట అది. క్రమంలో ఉంది కాబట్టి ప్రతి ఆదివారం పలకాల్సి వస్తుంది. పలికేటప్పుడు ఎవరి ముఖం గుర్తొస్తుందో వాళ్లను క్షమించామా లేదా అని అక్కడే తేల్చుకోవాల్సి వస్తుంది.