పాప ఇంటర్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) అంటోంది, చదువూ పనీ కలిసి సాగుతాయా?

కొర్లగుంట నాన్న:
మాది తిరుపతి. ఇస్త్రీ బండి నడుపుతాను. పాపకు పదిలో 431 వచ్చాయి. గవర్నమెంటు కాలేజీలో ఎంఎల్‌టీ ఒకేషనల్ చేరతానని పట్టుబట్టింది. నేను బట్టలు చేసే ఒక ఇంటివాళ్ల మనవడు ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో పదకొండో క్లాసు. వారంలో ఒకరోజు ఎలక్ట్రీషియన్ దగ్గర పనికి పోతాడట, జీతమూ ఇస్తారట. మన దగ్గరా అలాగేనా? మా అన్నేమో ఒకేషనల్ అంటే పైచదువుకు దారి మూసుకున్నట్టే అంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

రేణిగుంట రాజా:
బైపీసీలో వేసేయండి సార్. ఆలోచించకండి.

ఊదా మూత:
రాజా గారూ, ఆయన అడిగింది అది కాదు కదా!

అన్నా, నేను చిత్తూరులో ఎంఎల్‌టీ చదివాను, ఇప్పుడు ల్యాబ్‌లోనే పని. బ్రిస్బేన్ అబ్బాయిది చదువుతూ పని. మనది చదివాక పని. ఇంటర్ రెండేళ్లలో ఆన్ జాబ్ ట్రైనింగ్ అని ఆసుపత్రికి పంపుతారు కానీ అది చదువులో భాగం. నాకైతే రూపాయి రాలేదు. అసలు అప్రెంటిస్‌షిప్, అంటే పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, ఇంటర్ పాసయ్యాక ఉంటుంది, గవర్నమెంటు ఆసుపత్రిలో ఏడాది. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు పడినప్పుడు మన ఒకేషనల్ వాళ్లను ఆ ఏడాది సర్టిఫికెట్, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, రెండూ అడుగుతారు.

నేను అక్కడే దెబ్బతిన్నాను. పాసవగానే ఒక ప్రైవేటు ల్యాబ్ వాళ్లు 'ఇక్కడే చేరు, సర్టిఫికెట్ మేమిస్తాం' అంటే నమ్మాను. పద్నాలుగు నెలలు పొద్దున ఆరింటికి పోయి షట్టర్ ఎత్తింది నేనే. చివరికి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసిచ్చారు. వెరిఫికేషన్‌లో దాన్ని పక్కన పెట్టేశారు. మళ్లీ మొదటినుంచి గవర్నమెంటు ఆసుపత్రిలో ఏడాది చేశాను.

పని మాత్రం ఆ ఏడాదిలోనే వచ్చింది. సీబీపీకి, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్షకు, ఊదా మూత ట్యూబులో రక్తం పట్టగానే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, లేకపోతే గడ్డకడుతుంది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. అయినా మొదటిరోజు ట్యూబును స్టాండులో పెట్టేసి, తీరిగ్గా పేషెంటు పేరు రాసుకుంటూ కూర్చున్నాను. మా సీనియర్ అక్క తిట్టలేదు. 'నువ్వే పోయి ఆయనకు చెప్పి మళ్లీ తీసుకురా' అంది. తిడితేనే బాగుండేది. ఆ ముసలాయన రెండో చెయ్యి చాపి 'నిదానంగా తియ్ పాపా' అన్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా నా చేతిలో సీబీపీ శాంపిల్ గడ్డకట్టలేదు.

డబ్బుల సంగతికొస్తే, 2019లో మార్చిన అప్రెంటిస్ నిబంధనల్లో ఒకేషనల్ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 అని పెట్టారు. చేరేముందే ఎంత ఇస్తారు, ఎప్పుడు వేస్తారు అని అడిగేయండి. మొహమాటపడొద్దు.

పూతలపట్టు పంతులు:
జూనియర్ కాలేజీలో చెప్తుంటాను. మీ అన్నగారి మాట సగమే నిజం. బ్రిడ్జి కోర్సు పేపర్లు (ఒకేషనల్ వాళ్లకు అదనంగా ఉండే సైన్సు పేపర్లు) కూడా రాసి పాసైతే నర్సింగ్, బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటివాటికి దారి ఉంటుంది. ఆ ఫీజు కట్టే గడువు ఎప్పుడో అడ్మిషన్ రోజే అడిగి రాసిపెట్టుకోండి. ఏటా కొందరు పిల్లకాయలు 'తర్వాత చూద్దాంలే సార్' అంటారు, సెకండియర్ అయ్యాక మార్క్స్ మెమో పట్టుకుని నా దగ్గరికే వస్తారు. ఎంబీబీఎస్ మీద ఆశ ఉంటే మాత్రం ఇప్పుడే బైపీసీలో చేర్చండి.

గోల్డ్‌కోస్ట్ గోపి:
మా ఊరు పుంగనూరే. బ్రిస్బేన్ ఉండే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో స్కూల్ అప్రెంటిస్‌కు ఏడాదికి కనీసం 375 గంటలు, అంటే 50 రోజులు, జీతం ఇచ్చి పని చూపించాలి. కరెంటు పనికైతే 600 గంటలు. ఆ శిక్షణ ఇక్కడి ప్లస్ టూ సర్టిఫికెట్‌లోనూ కలుస్తుంది. కానీ ముందు యజమాని దొరకాలి, అబ్బాయి సంతకంతోపాటు వాళ్ల నాన్న సంతకమూ ఉండాలి. మా వాడికి యజమానిని వెతకడానికే ఆరునెలలు పట్టింది.

కొర్లగుంట నాన్న:
అందరికీ దండాలు. బండి దగ్గరే పాపకు మొత్తం చదివి వినిపించాను. ఎంబీబీఎస్ సంగతి అడిగితే 'నాకు ల్యాబే కావాలి' అంది. ఊదా మూత అమ్మా, 'ఆ ముసలాయనకు రెండోసారి నొప్పి పుట్టిందా' అని అడగమంటోంది.

ఊదా మూత:
పుట్టింది. సూది కదా! పైకి మాత్రం చెప్పలేదు.