తుఫాను రోజుల్లో మందులు అందకపోతే: ఇంట్లో ఎంత నిల్వ ఉండాలి?

ప్రశ్న (గోపాలపట్నం గృహిణి)

మా అత్తగారు పదిహేనేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నారు, మామగారు ఫిట్స్‌కూ రక్తపోటుకూ రోజూ మాత్రలు వాడుతున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మా వీధికి ఎనిమిది రోజులు కరెంటు రాలేదు, మామగారి ఫిట్స్ మాత్రలు ఆ ఉదయానికి మూడే మిగిలి ఉన్నాయి. మా వారు కూలిన చెట్ల మీదుగా సైకిల్ ఎత్తుకుంటూ తిరిగి నాలుగో షాపులో మందు సంపాదించారు కానీ, అది వేరే కంపెనీది కావడంతో వేయవచ్చో లేదో డాక్టరుగారిని అడగడానికి ఫోన్లు కూడా పనిచేయలేదు.

మళ్లీ అక్టోబరు దగ్గర పడుతోంది. ఎన్ని రోజుల మందు దగ్గర ఉంచుకోవాలో, ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్‌ను ఎలా కాపాడాలో, వాడే మందు షాపులో లేనప్పుడు ఏం చేయాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఇద్దరి మందులూ మామగారి పింఛను మీదే నడుస్తున్నాయి కనుక ఒకేసారి రెండు నెలలవి కొనడం మాకు సాధ్యం కాదు.

జవాబు 1 (గాజువాకలో మందుల షాపు నడుపుతున్నాను)

అమ్మా, పోర్టులో ప్రమాద సూచిక ఎగురవేసిన రోజున ముందుగా వచ్చిన నలుగురు మూడేసి నెలల మందు పట్టుకుపోతే, వారి వెనుక నిలబడిన మీ మామగారి వంటి మనిషికి ఒక్క స్ట్రిప్ కూడా మిగలదు. హోల్‌సేలర్ల దగ్గర సరుకు ఉన్నా రోడ్లు తెరుచుకునే వరకు అది మాకు చేరదు. అందుచేత నిల్వ అన్నది మామూలు నెలల్లోనే కొద్దికొద్దిగా కూడాలి. నెలకు ఏడు రోజుల మందు అదనంగా కొంటే నాలుగు నెలల్లో 28 రోజుల నిల్వ తయారవుతుంది. ఆ తరువాత ఎప్పటిలాగే నెలనెలా కొంటూ, కొత్తవి వెనుక పెట్టి పాతవి ముందు వాడితే గడువు దాటిపోదు.

నిల్వకు పూర్తి స్ట్రిప్పులే తీసుకోండి. నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మన్నప్పుడు గడువు తేదీ ఉన్న అంచు ఒక ముక్కతోనే పోతుంది, రెండో ముక్క ఎప్పటిదో ఆరు నెలల తరువాత ఎవరూ చెప్పలేరు.

కంపెనీ మారితే స్ట్రిప్ మీది పెద్దక్షరాల పేరును కాక, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరును, మిల్లీగ్రాములను పోల్చి చూడాలి. రక్తపోటు మాత్ర పేరు చివర ‘హెచ్’ అని ఉంటే సాధారణంగా అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రెండో మందు కలిసి ఉంటుంది. ఒట్టి టెల్మిసార్టాన్ 40 వాడేవారికి అది బదులు కాదు. జన్ ఔషధి కేంద్రాల్లో అసలు పేరుతోనే తక్కువ ధరకు దొరుకుతాయి కనుక పింఛను మీద ఆధారపడినవారికి అవి మేలు. ఫిట్స్ మాత్రల కంపెనీని మాత్రం డాక్టరును అడగకుండా మార్చవద్దు. మరో కంపెనీది వేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబును ఇప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి.

జవాబు 2 (ఎం.వి.పి. కాలనీ, విశ్రాంత నర్సు)

ఇన్సులిన్ సంగతి నేను చెబుతాను. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకం మొదలుపెట్టిన సీసా 30 డిగ్రీల లోపు ఉంటే చాలా రకాలు సుమారు నాలుగు వారాలు పనిచేస్తాయి, మీ రకానికి ఎన్ని రోజులో అట్టపెట్టెలోని కాగితంలో ఉంటుంది. కరెంటు పోయిందని కంగారుపడి పారవేయవద్దు. మట్టి కుండలో ఇసుక పోసి బాగా తడిపి, మధ్యలో చిన్న ముంత పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన సీసాను అందులో ఉంచి, తడి గుడ్డ కప్పి గాలి తగిలే నీడలో పెట్టండి. మన సముద్రతీరపు ఉక్కలో కుండ అంతగా చల్లబడదు, అయినా గది వేడికంటే మెరుగే. ఐసు మీద నేరుగా పెట్టవద్దు, ఎందుకంటే గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు.

సిరంజీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇక్కడ ఎక్కువగా దొరికే సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడతాము. కొరత రోజుల్లో 100 యూనిట్ల సీసా చేతికి వస్తే నారింజ మూత సిరంజి కావాలి. ఆ మందును ఎర్ర మూత సిరంజితో 10 గీత వరకు లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు.

ఇక థైరాయిడ్ మాత్ర ఒకటి రెండు రోజులు తప్పినా ప్రాణం మీదికి రాదు కానీ ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు, గుండెకు వాడే మెటోప్రొలాల్ వంటివి, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు హఠాత్తుగా ఆగకూడదు. మాత్రలు అయిపోతున్నాయని రోజు విడిచి రోజు వేసుకున్న ఒక పెద్దాయనను ఫిట్స్ ఆగని స్థితిలో మా వార్డుకు తీసుకువచ్చారు. డబ్బు కొద్దిగానే ఉంటే ముందు ఈ మందులకే నిల్వ చేయండి.

జవాబు 3 (భీమునిపట్నం)

అన్ని మందులకూ నెల నిల్వ చాలదని నా అభిప్రాయం. తుఫాను దెబ్బ వారం పది రోజుల్లో సర్దుకుంటుంది కానీ 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు, కిడ్నీ మార్పిడి అయిన మా నాన్నగారికి కావలసిన టాక్రోలిమస్ మాకు మూడు వారాలు అందలేదు, షాపులు మాత్రం తెరిచే ఉన్నాయి. అన్ని షాపుల్లోనూ ఉండని మందు వాడేవారు డాక్టరుతో మాట్లాడి రెండు నెలలది ఉంచుకోవాలి. మందుల డబ్బాలోనే కొంత నగదు కూడా పెట్టండి, హుద్‌హుద్ తరువాత కార్డులు పనిచేయక నేను మందు తీసుకోకుండానే వెనుదిరిగాను.

గోపాలపట్నం గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే మామగారి స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి చూస్తే అయిదింటిలో రెండింటికి తేదీ ఉన్న అంచు లేదు, వాటిని పక్కన పెట్టేశాను. సోమవారం డాక్టరుగారి దగ్గర కొత్త చీటీ రాయించుకుంటాము. కుండ మాట విని మా అత్తగారు బీచ్ ఇసుక పనికొస్తుందా అని అడుగుతున్నారు.

ఎం.వి.పి. కాలనీ

పనికొస్తుందమ్మా, కానీ ఉప్పు పేరుకుంటే కుండ రంధ్రాలు మూసుకుపోతాయి కనుక నాలుగైదు నీళ్లు మార్చి కడిగి పోయండి.