పుట్టిన బిడ్డ దగ్గరికి వెళ్ళగానే మీరు మొదట ఏం చూస్తారు?

కొత్త_స్టాఫ్‌నర్స్:
అందరికీ నమస్తే. పోస్ట్‌నేటల్ వార్డులో (బాలింతలు, పసిబిడ్డలు ఉండే వార్డు) చేరి నాలుగు నెలలైంది. మొన్న జరిగింది మనసులోంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నా. పుట్టి ఎనిమిది గంటలైన బాబు, హాయిగా నిద్రపోతున్నాడు. నేను వెళ్ళీ వెళ్ళగానే బట్ట తీసి చంకలో థర్మామీటర్ పెట్టాను. లేచి ఒకటే ఏడుపు. ఆ ఏడుపులోనే ఊపిరి 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చిస్తే 64 వచ్చింది. ఏడుస్తున్నాడు కదా, అందుకే ఎక్కువుందిలే అనుకుని ఊరుకున్నా. రెండు గంటల తర్వాత డ్యూటీకి వచ్చిన సీనియర్ సిస్టర్ నిద్రలో లెక్కపెడితే 76. వెంటనే ఎన్‌ఐసీయూకి (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్) పంపారు. బాబు ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ రెండు గంటలు పోయింది నా వల్లే. మీరు ఏ వరుసలో చూస్తారో చెప్పండి, నేర్చుకుంటాను.

పాతకాపు:
చెల్లీ, ముందు చేతులు వెనక్కి కట్టుకో. నేను 19 ఏళ్ళుగా ఇదే చేస్తున్నా. బిడ్డ పక్కన నిలబడి, ముట్టుకోకుండా చూస్తాను. రంగు ఎలా ఉంది, ఒళ్ళు ఎలా పెట్టుకుంది, డొక్కలు ఎగరేస్తోందా. నెలలు నిండిన బిడ్డ కాళ్ళూ చేతులూ ముడుచుకుని ఉంటుంది. కప్పలా కాళ్ళు పరిచేసి మెత్తగా పడి ఉంటే, ఇంకా ముట్టుకోకముందే నాకు గుండె ఝల్లుమంటుంది. తర్వాత పూర్తిగా ఒక నిమిషం ఊపిరి. ఆ తర్వాత స్టెత్‌ను అరచేతిలో కాసేపు పట్టుకుని, వెచ్చబడ్డాక గుండె చప్పుడు. అప్పుడు బట్టలు విప్పడం. తుంటి కీళ్ళు చూడటం, ఉలికిపాటు చూడటం లాంటి ఏడిపించే పనులన్నీ ఆఖర్న. తల నుంచి కాళ్ళ దాకా వరుసగా చూడమని మనకు నేర్పుతారు, తప్పేం కాదు. కానీ బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు మాత్రమే దొరికేవి ముందు చూసుకోవాలి. ఒకసారి లేస్తే అవి మళ్ళీ దొరకవు.

రద్దీవార్డు:
అక్కా, చెప్పడం తేలికే. ఒక్కదాన్నే ఇరవై మంది బిడ్డల్ని చూడాలి. నిమిషం చొప్పున ఎక్కడ కుదురుతుంది? 30 సెకన్లు చూసి రెట్టింపు చేస్తే చాలదా?

పాతకాపు:
చాలదమ్మా. పెద్దవాళ్ళలా పసిబిడ్డ ఊపిరి ఒకే తీరుగా ఉండదు. గబగబా పది సార్లు పీల్చి, ఐదారు సెకన్లు ఆగి, మళ్ళీ మొదలెడుతుంది. అది మామూలే. నీ 30 సెకన్లలో ఆగిన ముక్క పడితే 36 వస్తుంది, పరిగెత్తే ముక్క పడితే 70 వస్తుంది. రెండూ తప్పే. 30 నుంచి 60 మధ్య ఉంటే సరే. 60 దాటితే కాసేపాగి ఇంకోసారి పూర్తి నిమిషం లెక్కపెట్టు, మళ్ళీ అలాగే వస్తే డాక్టర్‌ను పిలువు. ఊపిరి 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువసేపే ఆగి రంగు మారినా, గుండె నెమ్మదించినా ఇక లెక్కలు అక్కర్లేదు, పరుగెత్తాల్సిందే. ఇరవై మందికి ఇరవై నిమిషాలు. నాకు తెలిసి ఆ డ్యూటీలో అంతకంటే విలువైన ఇరవై నిమిషాలు లేవు.

నైట్‌డ్యూటీ:
లెక్కతో పాటు చెవి కూడా పెట్టండి. ఒక రాత్రి ఒక తల్లి నవ్వుతూ పిలిచింది, "సిస్టర్, మా వాడు కూనిరాగం తీస్తున్నాడు చూడండి" అని. దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. ఊపిరి వదిలిన ప్రతిసారీ చిన్న మూలుగు, 'ఊఁ... ఊఁ...' అని, గడియారం కొట్టినట్టు. ముక్కుపుటాలు అదురుతున్నాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఆపుకోవడానికి బిడ్డ గొంతు బిగించి గాలి వదులుతుంటే వచ్చే శబ్దం అది. ఆ తల్లి ముఖంలో నవ్వు ఇప్పటికీ గుర్తే. ఆవిడ పిలవకపోతే నేను ఆ మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో గంట పట్టేది.

లేబర్‌రూమ్:
ఊపిరి వేగం చూడగానే నేను వెతికేవి రెండు, చలి, షుగర్. తడి ఒంటితో పుట్టిన బిడ్డ ఒంట్లో వేడి ఆ తడి ఆరే కొద్దీ పోతూనే ఉంటుంది. చల్లబడిన బిడ్డ వేడి పుట్టించుకోవడానికి ఆక్సిజన్, గ్లూకోజ్ రెండూ ఖర్చు పెడుతుంది. ఊపిరి పెరుగుతుంది, షుగర్ పడిపోతుంది, పాలు పీల్చే ఓపిక పోతుంది, దాంతో షుగర్ ఇంకా పడిపోతుంది. అన్నిటికీ మొదలు ఒక తడి టవల్! తుడిచిన టవల్‌తోనే బిడ్డను చుట్టేయడం నేను ఎన్నిసార్లు చూశానో. తుడిచాక అది పక్కన పడేసి, పొడి బట్ట తీసుకోవాలి. బిడ్డ బాగుంటే తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, పైన బట్ట కప్పాలి. అంతకంటే మంచి వార్మర్ లేదు. మొదటి గంటలోనే పాలు. స్నానం 24 గంటలు ఆగినా కొంపేం మునగదు. తూకం వేసేటప్పుడు కూడా, పళ్ళెంలో వెచ్చని బట్ట పరిచి, సున్నా చేసి, అప్పుడు బిడ్డను పెట్టండి.

చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ చేతిలో లేకపోతే వేళ్ళ వెనకవైపుతో పొట్ట, పాదం తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదం చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోందని. రెండూ చల్లగా ఉంటే ఓడిపోతోందని.

కొత్త_స్టాఫ్‌నర్స్:
లేబర్‌రూమ్ అక్కా, పాదం తాకి చూడటం నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఆ బాబుకు ఐదో నిమిషం ఆప్గార్ స్కోరు పదికి 9. అది చూసే నేను ధైర్యంగా ఉన్నా.

పిల్లల_వైద్యం_పీజీ:
అక్కడే చాలామంది పొరబడతారు సిస్టర్. 1952లో డాక్టర్ వర్జీనియా ఆప్గార్ ఆ స్కోరు తయారుచేసింది పుట్టిన వెంటనే బిడ్డ పరిస్థితి తేల్చడానికి. ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో గుండె, ఊపిరి, కండరాల బిగువు, స్పందన, రంగు ఎలా ఉన్నాయో చెబుతుంది, అంతే. ఎనిమిదో గంట గురించి అది ఏమీ చెప్పదు. ఊపిరి తీసుకోని బిడ్డకు కూడా స్కోరు కోసం నిమిషం ఆగకూడదు, సాయం ముందే మొదలవ్వాలి.

రంగు గురించి ఒక మాట. మొదటి రోజు అరచేతులు, అరికాళ్ళు నీలంగా ఉండటం మామూలే. నాలుక చూడండి. నాలుక, పెదాల లోపలి భాగం నీలంగా ఉంటే అది మామూలు కాదు.

బాలింత_అమ్మ:
నేను నర్సును కాదు, మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప మూడో రోజు పాలకు లేవడం మానేసింది. "నిన్నటిలా లేదండీ" అని రెండుసార్లు చెప్పాను. పసిపిల్లలు నిద్రపోతారమ్మా అన్నారు. సాయంత్రం రక్తపరీక్ష చేస్తే కామెర్లు బాగా ఎక్కువున్నాయి, మూడు రోజులు లైటు కింద పెట్టారు. నాకు వైద్యం తెలీదు, కానీ మా పాప నాకు తెలుసు. ఆ మాట ఎవరైనా కేస్‌షీట్‌లో రాసుంటే బాగుండేది.

పాతకాపు:
అమ్మా, మీరు మాట్లాడినందుకే మాకు మేలు. నేను రాస్తాను. "పాప నిన్నటిలా లేదని తల్లి చెప్పింది" అని ఆ మాటనే, ఎన్ని గంటలకో వేసి రాసి, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో చదువుతాను. అది కూడా టెంపరేచర్ లాంటి ఫైండింగే.

కామెర్లు చూడాలంటే బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాలి. పగటి వెలుతురులో ముక్కు మీద, ఛాతీ మీద వేలితో నొక్కి వదిలితే కింది రంగు కనిపిస్తుంది. ఛాయ తక్కువున్న బిడ్డకు చిగుళ్ళు, కళ్ళలో తెల్లగుడ్డు చూడండి. కానీ కంటితో స్థాయి చెప్పలేం. మొదటి 24 గంటల్లో పచ్చదనం కనిపిస్తే పరీక్ష చేయాల్సిందే, రేపు చూద్దాం అనే మాట లేదు.

నైట్‌డ్యూటీ:
పసరు రంగు వాంతి కూడా అంతే. కక్కిన పాలు తెల్లగా ఉంటే తుడుచుకుంటాం. ఆకుపచ్చగా ఉంటే, బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా, పేగు మెలిపడి ఉండొచ్చు. ఆ బట్టను ఉతకడానికి వేయకుండా డాక్టర్‌కు చూపించండి.

బాలింత_అమ్మ:
డైపర్‌లో ఎర్ర ఇటుక రంగు మరక చూసి భయపడ్డాను, అదేమిటి?

లేబర్‌రూమ్:
మొదటి రెండు మూడు రోజులు మూత్రంలో యూరేట్ స్ఫటికాల వల్ల అలా కనిపిస్తుంది, రక్తం కాదు. నాలుగైదు రోజులైనా అలాగే ఉంటే పాలు సరిపోవట్లేదేమో చూడాలి, బరువు చూపించండి. మొదటి వారం కొంచెం తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పదో వంతు తగ్గేదాకా మాత్రం ఎదురుచూడొద్దు.

కొత్త_స్టాఫ్‌నర్స్:
నిన్న రాత్రి డ్యూటీలో పొట్ట, పాదం తాకి చూశాను. ఒక పాపకు పాదాలు చల్లగా ఉన్నాయి, థర్మామీటర్‌లో 36.2. తల్లి గుండెల మీద వేసి, టోపీ పెట్టి కప్పాను. షుగర్ చూశాం, బాగుంది. గంటకు 36.8 వచ్చింది. తర్వాత పాప నిద్రపోయాక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా. ఏం చూస్తున్నారు సిస్టర్ అని అడిగింది వాళ్ళమ్మ. ఊపిరి లెక్కపెడుతున్నా అన్నాను. తను కూడా నాతో పాటు లెక్కపెట్టింది. నాకు 48 వచ్చింది, తనకు 47.